తీసేసిన రోజులను తిరిగి చేర్చండి: అన్నపూర్ణ సర్క్యూట్ బృందాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు,

నమస్కారం. ఏటా వానాకాలం వెనకబట్టగానే నేపాల్‌లోని అన్నపూర్ణ సర్క్యూట్‌కు తెలుగువారిని పది పదిహేను మంది చొప్పున తీసుకెళ్తున్న సంస్థలు, క్లబ్బులు, పరిచయాల మీద బృందాలను కూడగట్టే వ్యక్తులు, మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. నేను వెళ్ళిన బృందాన్ని నడిపిన సంస్థ పేరు కూడా రాయను, ఎందుకంటే వాళ్ళు అనుసరించిన తొమ్మిది రోజుల ప్రణాళిక వాళ్ళ సొంతం కాదు. తిరిగి వచ్చాక నేను తెప్పించుకుని చూసిన కరపత్రాల్లో చాలావాటిలో అదే ప్రణాళిక, ఊళ్ళ పేర్లలో అక్షరాలు మాత్రం అటూ ఇటూ మారి, కనిపించింది. నా విన్నపం ఒక్కటే. ఆ ప్రణాళికలోంచి తీసేసిన రోజులను తిరిగి చేర్చండి. వెనక్కి తిరగవలసివస్తే అందుకు కావలసిన మనిషిని, డబ్బును, అనుమతిని బయలుదేరక ముందే కేటాయించండి.

ఈ బాట గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ డబ్బు కట్టి రాబోయేవారు కూడా ఈ లేఖ చదువుతారు కనుక కొంత చెబుతాను. పాత నడకబాట బేసిసహర్ దగ్గర, సుమారు 760 మీటర్ల ఎత్తులో మొదలవుతుంది. మర్స్యాంగ్దీ నది వెంట పైకి పోతూ ధారాపానీ, చామే, పిసాంగ్ ఊళ్ళ మీదుగా 3,540 మీటర్ల ఎత్తున్న మనాంగ్ చేరుతుంది. అక్కడి నుంచి యాక్ ఖర్కా, థొరాంగ్ ఫేదీ దాటి, 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ ఎక్కి, అవతల ముక్తినాథ్‌కు దిగి, కాళీ గండకీ లోయ వెంట దక్షిణానికి తిరిగి వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించామన్నదాన్నిబట్టి ఈ చుట్టు 160 నుంచి 230 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఇన్ని కిలోమీటర్లలోనూ తూర్పు లోయను పడమటి లోయతో కలిపే గుమ్మం మాత్రం ఒక్కటే, అది థొరాంగ్ లా. ఆ గుమ్మం ఏ రోజు తెరుచుకుని ఉంటుందో మన సెలవుల చీటీ చూసి చెప్పడం కుదరదు.

ఈ చుట్టును దాదాపు అందరూ తూర్పు నుంచి పడమరకే, అంటే గడియారం ముల్లుకు ఎదురుగానే నడుస్తారు. ఇది ఆచారం కాదు, లెక్క. మనాంగ్ వైపు నుంచి ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది, దారిలో పడుకోవడానికి మెట్టు మెట్టుకూ ఊరో లాడ్జీయో ఉంది. ముక్తినాథ్ వైపు నుంచైతే 3,760 మీటర్ల దగ్గర నిద్రలేచినవాడు ఒక్క పగటిలో పదహారు వందల మీటర్లకు పైగా ఎక్కాలి. శరీరానికి గడువు ఇవ్వడం కోసమే మన ముందువాళ్ళు ఈ దిక్కును ఎంచుకున్నారు. బేసిసహర్ నుంచి మనాంగ్ దాకా మెట్టు మెట్టుకూ ఆగుతూ వారం రోజులు నడిచేవారికి ఆ గడువు ఎవరూ చెప్పకుండానే దొరికేది. ఇప్పుడు జీపు మనాంగ్ దాకా వెళ్తోంది. రోడ్డు పడటం అక్కడివారికి మేలే. ఆసుపత్రికి పోవలసిన గర్భిణికి, బడికి పోవలసిన పిల్లలకు ఆ రోడ్డు ఎంత అవసరమో చూశాక, నడకబాట పాడైందని పట్నంవాళ్ళం వాపోవడం నాకు సబబుగా అనిపించదు. కానీ జీపు మనిషిని మోసుకుపోయినంత వేగంగా అతని ఊపిరితిత్తులనూ మెదడునూ ఆ ఎత్తుకు అలవాటు చేయలేదు. రోడ్డు మిగిల్చిన రోజులను పైన ఖర్చుపెట్టవలసింది పోయి, మీరు వాటిని ప్రణాళికలోంచే కొట్టేశారు. నా ఫిర్యాదు రోడ్డు మీద కాదు, ఆ కొట్టివేత మీద.

మా బృందంలో పద్నాలుగు మందిమి. ఒక నేపాలీ గైడు, ఒక సహాయకుడు, నలుగురు పోర్టర్లు. మొదటి రోజు కాఠ్మండూ నుంచి బేసిసహర్ మీదుగా చామే, రెండో రోజు జీపులో మనాంగ్. అంటే రెండు పగళ్ళు గడిచేసరికి 3,540 మీటర్ల ఎత్తులో ఉన్నాం. మూడో రోజు 'అలవాటు పడే రోజు' అని ప్రణాళికలో ఉంది. జీపు కుదుపులకు ఒళ్ళు హూనమై ఆ రోజు సగం మంది మంచాలు దిగలేదు. నాలుగో రోజు యాక్ ఖర్కాలో ఆగకుండా ఏకంగా ఫేదీకి, అంటే దాదాపు 4,450 మీటర్లకు నడిపించారు. ఐదో రోజు తెల్లవారుజామున కనుమ.

మూడు వేల మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న ఎత్తుకు మరుసటి రాత్రి పడుకునే ఎత్తు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి అదే ఎత్తులో ఇంకొక రాత్రి ఆగాలని పర్వత వైద్యం తెలిసిన డాక్టర్లు చెబుతారు. మా నాలుగో రోజు ఒక్కటే తొమ్మిది వందల మీటర్లు. ఈ లెక్క మీలో ఎవరికీ తెలియనిది కాదు. మా కరపత్రం చివరి పుటలో 'ఆరోగ్య సూచనలు' అన్న శీర్షిక కింద ఇదే నియమం అచ్చయి ఉంది. అదే కరపత్రం రెండో పుటలో ఉన్న ప్రణాళిక దాన్ని తుంగలో తొక్కింది.

నాకు గదిలో తోడుగా కుదిరినాయన యాభై దాటినవారు. ఊళ్ళో రోజూ పది కిలోమీటర్లు పరుగెత్తేవారు, బృందంలో అందరికంటే చలాకీగా నడిచేవారు. మనాంగ్‌లోనే తలనొప్పి మొదలైందట, ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆపేస్తారేమోనని భయం. ఒంటి దారుఢ్యానికీ ఎత్తు జబ్బుకూ, అంటే పైన పలచబడే గాలికి శరీరం అలవాటుపడక వచ్చే జబ్బుకూ, సంబంధం లేదని, పైగా దారుఢ్యం ఉన్నవాళ్ళే త్వరత్వరగా ఎక్కి దాని బారిన పడతారని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియదు. ఫేదీలో ఆ సాయంత్రం వెల్లుల్లి సూపు రెండు చెంచాలు తాగి కక్కుకున్నారు. అలసట అన్నారు. రాత్రి తొమ్మిది దాటాక బయటికి వెళ్ళాలని లేచి, మంచం అంచున కూర్చుని బూట్ల తాళ్ళు రెండూ చేతిలోకి తీసుకుని అలాగే ఉండిపోయారు. నేను తల మీది లైటు వెలిగించి చూస్తే, ఆ తాళ్ళను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నారు. కాసేపటికి నా వైపు తిరిగి, "ఇది ఏ కాలిదండీ?" అని అడిగారు.

గైడును లేపుకొచ్చాను. అతను నాడి చూడలేదు, వేలికి యంత్రమూ తగిలించలేదు. భోజనాల గదిలోకి నడిపించుకుపోయి, నేల మీద పరిచిన చెక్కల మధ్య గీతను చూపించి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్ళకు ఆనిస్తూ ఆ గీత మీద నడవమన్నాడు. మూడో అడుగులో ఆయన పక్కనున్న బల్ల పట్టుకున్నారు. మళ్ళీ నడవమంటే రెండో అడుగులోనే తూలారు. "ఇక కిందికే, ఇప్పుడే," అన్నాడు గైడు. అప్పటికి రాత్రి పది.

ఇక్కడ జరిగినదే ఈ లేఖకు మూలం. గైడుకు సొంత నిర్ణయంతో బృందాన్ని విడిచి దిగే అధికారం లేదు. లాడ్జీ వైఫై పట్టుకుని కిందనున్న నిర్వాహకుడికి ఫోను చేశాడు. అవతలినుంచి వచ్చిన సలహా, మాత్ర వేసి తెల్లారేదాకా చూడమని, కనుమ దాటితే అంతా దిగుడే కదా అని. ఆ మాట అన్న వ్యక్తి దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. ఆయన ముందున్న కాగితం మీద మరుసటి రోజు ముక్తినాథ్‌లో పద్నాలుగు మందికి గదులు, ఆ తర్వాతి రోజుకు జీపులు, ఆపై పోఖరా నుంచి విమానం టికెట్లు ఉన్నాయి. ఆ కాగితంలో 'కిందికి' అన్న గడి ఎక్కడా లేదు. కానీ ఫేదీ నుంచి కనుమ ఇంకా దాదాపు వెయ్యి మీటర్ల పైన ఉంది. మెదడు వాస్తున్న మనిషిని దిగుడు చేరడం కోసం మరో వెయ్యి మీటర్లు ఎక్కించడమంటే ఏమిటో ఆ గైడుకు తెలుసు. అతను ఫోను పెట్టేసి, కోటు వేసుకున్నాడు. ఆ రాత్రి అతను తన జీతాన్నీ మరుసటి సీజను పనినీ పణంగా పెట్టాడని నాకు తర్వాత అర్థమైంది.

గైడు, ఒక పోర్టరు, నేను, ఆయన, నలుగురం దిగాం. ఫేదీకీ యాక్ ఖర్కాకూ మధ్య కొండచరియలు జారే చోటు ఉంది, పగలు దాటేటప్పుడే పైకి చూస్తూ ఒక్కొక్కరుగా దాటమంటారు. అక్కడ లైట్లు ఆర్పించి మమ్మల్ని నిలబెట్టాడు గైడు. చీకట్లో రాళ్ళ చప్పుడు వినడానికి. రెండు నిమిషాలు ఏమీ వినబడకపోతే ఒకరు, మళ్ళీ రెండు నిమిషాలు, మరొకరు. ఆయనను మధ్యలో ఉంచి పోర్టరు నడుము పట్టుకున్నాడు. యాక్ ఖర్కా చేరేసరికి తెల్లవారుజాము రెండు. అక్కడ దారి పక్క గోడ మీద కూర్చుని ఆయన తనంతట తానే మంచినీళ్ళు అడిగారు. పొద్దెక్కేసరికి మనాంగ్‌లో ఉన్నాం. అక్కడి డాక్టరు ఆక్సిజను పెట్టి, మెదడు వాపు తగ్గించే డెక్సామెథాసోను ఇచ్చి, మరో నాలుగు గంటలు ఆలస్యమై ఉంటే ఈ మాటలు మీతో చెప్పేవాణ్ణి కానేమో అన్నారు.

మిగతా పన్నెండు మందీ ఆ ఉదయం సహాయకుడి వెంట కనుమ దాటారు. ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది అదే. పద్నాలుగు మందికి ఒక్క గైడు చొప్పున పంపి, ఆ ఒక్కడూ రోగితో కిందికి దిగిపోగా, మిగతావారిని ఆ సీజనుకు కొత్తగా వచ్చిన కుర్రవాడి వెంట 5,416 మీటర్ల మీదుగా దాటించారు. అది క్షేమంగా ముగిసింది కనుక వచ్చే ఏటి ప్రణాళికలోనూ అలాగే ఉంటుంది. అదృష్టం కలిసొచ్చిన ప్రతిసారీ దాన్ని మనం మన ఏర్పాట్ల ఖాతాలో జమ వేసుకుంటున్నాం.

ఆ ఖాతా ఎలా తలకిందులవుతుందో తెలుగువారికి వేరెవరూ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మనం కూలిన చెట్లను, విరిగిన కరెంటు స్తంభాలను లెక్కపెట్టుకుంటూ ఉండగా, దాని శేషం ఉత్తరానికి సాగి, రెండు రోజులకు, అక్టోబరు 14న, మనాంగ్, ముస్తాంగ్ జిల్లాల మీద మంచు తుపానై విరుచుకుపడింది. థొరాంగ్ లా పరిసరాల్లో పన్నెండు గంటల్లో దాదాపు ఆరడుగుల మంచు పడిందని అప్పుడు నమోదైంది. ఆ తుపానులోనూ హిమపాతాల్లోనూ కనీసం 43 మంది చనిపోయారు. వాళ్ళలో విదేశీ ట్రెక్కర్లున్నారు, నేపాలీ గైడ్లున్నారు, పోర్టర్లున్నారు, జడలబర్రెలు కాసుకునే వాళ్ళున్నారు. కనుమ మీద ఒక చిన్న టీకొట్టు ఉంది. అందులో తలదాచుకున్నవారిలో కొందరు ముక్తినాథ్ వైపు దిగిపోదామని బయటికి వచ్చి, నేల ఏదో ఆకాశం ఏదో తెలియని తెల్లదనంలో దారి తప్పి ప్రాణాలు కోల్పోయారు.

మనాంగ్ లోయ అన్నపూర్ణ శిఖరాల వెనక వర్షచ్ఛాయలో ఉండటం వల్ల అక్టోబరులో అక్కడ వాతావరణం బాగుంటుందన్నది నిజమే, అందుకే అందరం అప్పుడే వెళ్తాం. అయితే బంగాళాఖాతంలో తుపానులు లేచే నెల కూడా అదే. హుద్‌హుద్‌కు పేరు పెట్టింది అక్టోబరు 8న, కనుమ మీద మంచు కురిసింది 14న. మధ్యలో ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో మన వార్తా చానెళ్ళు తుపాను గమనం తప్ప వేరే మాట చెప్పలేదు. సముద్రతీరంలో ఉన్న నిర్వాహకుడు టీవీ చూసి, "బృందాన్ని మనాంగ్‌లోనే ఉంచండి" అని ఒక్క కబురు పంపగలిగితే చాలు. కానీ ఆ కబురు పంపాలంటే బృందం చేతిలో రెండు ఖాళీ రోజులుండాలి. తొమ్మిది రోజుల ప్రణాళికలో మనాంగ్‌లో ఒక పూట ఆగినా ముక్తినాథ్ గదులు, జోమ్‌సోమ్ జీపులు, పోఖరా విమానం ఒకదాని వెంట ఒకటి కూలిపోతాయి. అప్పుడు ఆగమని చెప్పవలసినవాడే ఆకాశం కాస్త తెరిపిచ్చిందన్న కబురు కోసం ఎదురుచూస్తాడు.

ఒకే దారిలో వెళ్ళి అదే దారిలో వచ్చే నడకలో వెనక్కి తిరగడం ఎలాగూ ఉంటుంది, కాస్త ముందు తిరుగుతాం, అంతే. చుట్టుబాటలో అలా కాదు. మూడొంతుల ఎత్తు ఎక్కాక వెనక్కి తిరిగితే వచ్చిన దారంతా మళ్ళీ నడవాలి లేదా జీపెక్కాలి, చూడవలసిన సగం చూడకుండా పోవాలి, అవతలి వైపు కట్టిన డబ్బు వదులుకోవాలి. దీనికి తోడు మన బృందాల్లో దీన్ని 'అన్నపూర్ణ ప్రదక్షిణ' అనడం అలవాటైంది, కొసన ముక్తినాథుడి దర్శనం ఉంది కనుక. సగంలో విడిచిన ప్రదక్షిణ అరిష్టమని నమ్మే మనిషికి తలనొప్పి వస్తే ఆ మాట బయటికి చెబుతాడా? నా గదిలో ఉన్నాయన చెప్పకపోవడానికి కారణాల్లో అదీ ఒకటని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. ముక్తినాథుణ్ణి చూడాలనుకునేవారికి పోఖరా, జోమ్‌సోమ్ మీదుగా కనుమతో పని లేని దారి ఉంది. ఆ దారిన వెళ్ళే యాత్రికులు వేలమంది. ఆ మాట బృందంలో చేరేటప్పుడే చెప్పండి.

ఇక మీరు ఏం చేయాలని నేను కోరుతున్నానో చెబుతాను. మనాంగ్ దాకా జీపులో తీసుకెళ్ళదలిస్తే, చామేలో ఒక రాత్రి, పిసాంగ్‌లో ఒక రాత్రి ఆపండి. మనాంగ్‌లో తక్కువలో తక్కువ రెండు రాత్రులు, మూడైతే మరీ మంచిది, ఉంచండి. ఆ పగళ్ళు మంచాల మీద గడపనీయకండి. గంగాపూర్ణ సరస్సు పైన కొండ మీద లోయ కనిపించే చోటు దాకానో, ఒంట్లో బాగున్నవారిని 4,600 మీటర్ల దాపునున్న ఐస్ లేక్ దాకానో ఎక్కించి, సాయంత్రానికి కిందికి తెచ్చి పడుకోబెట్టండి. ఆ తర్వాత యాక్ ఖర్కాలో ఒక రాత్రి, ఫేదీలో ఒక రాత్రి. ఫేదీ పైన 4,880 మీటర్ల దగ్గరున్న హై క్యాంపులో పడుకుంటే మర్నాటి ఎక్కుడు తగ్గుతుందని కొందరు ఆశపెడతారు, నిజమే, కానీ ఫేదీలో బాగున్నవారికే ఆ సలహా. వీటన్నిటి మీదా ఏ పనీ రాయని రెండు రోజులు ఉంచండి. వాతావరణం బాగుండి ఆ రెండు రోజులూ మిగిలిపోతే దిగే దారిలోని తాతోపానీ వేడినీటి ఊటల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాం, మీ మీద ఎవరూ ఫిర్యాదు చేయరు.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి వైద్య కేంద్రం ఉంది. సీజనులో మధ్యాహ్నం పూట అక్కడి డాక్టర్లు ఎత్తు జబ్బు మీద ట్రెక్కర్లకు గంటసేపు చెబుతారు. ఆ గంటను ప్రణాళికలో అచ్చువేయండి, అందరినీ కూర్చోబెట్టండి. విశ్రాంతి రోజున మేము ఆ కేంద్రం గేటు ముందు నుంచే రెండుసార్లు నడిచి వెళ్ళాం, అది ఏమిటో ఎవరూ చెప్పలేదు.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజను శాతం చూసే ఆక్సిమీటరు గురించి ఒక మాట. మీలో చాలామంది రోజూ ఉదయం అందరి అంకెలూ పుస్తకంలో రాయిస్తున్నారు, మంచిదే. అయితే అది పరీక్షలో మార్కుల్లా తయారైంది. ఎనభై రెండు వచ్చినవాడు డెబ్బై ఎనిమిది వచ్చినవాణ్ణి జాలిగా చూస్తాడు, డెబ్బై ఎనిమిది వచ్చినవాడు చేతులు రుద్దుకుని మళ్ళీ పెట్టి చూసుకుంటాడు. చలికి వేళ్ళు బిగిస్తే ఆ అంకె ఎలాగూ నమ్మదగినది కాదు. థొరాంగ్ లా మీద ఊపిరికి అందే ఆక్సిజను సముద్రమట్టంలో అందేదానిలో సగమే కనుక అందరి అంకెలూ తగ్గుతాయి. చూడవలసింది మనిషిని. తలనొప్పితో పాటు వికారమో తూలుడో ఉందా, తిండి సహిస్తోందా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసపడుతున్నాడా, గీత మీద నడవగలడా, పేరూ వారమూ తడుముకోకుండా చెబుతున్నాడా. లక్షణాలుంటే అక్కడే ఆగాలి, ముదిరితే దిగాలి. ఎసిటజోలమైడ్ మాత్ర శరీరం అలవాటుపడటానికి తోడ్పడుతుంది, డాక్టరు చెబితే వాడుకోవచ్చు. జబ్బు మొదలయ్యాక పైకి పోవడానికి అది టికెట్టు కాదు.

పద్నాలుగు మందికి ఒక గైడు చాలడు. ఒకరు జబ్బుపడితే ఒక గైడు దిగాలి, మిగతావారితో మరొక గైడు, లైసెన్సున్నవాడే, ఉండాలి. 2023 ఏప్రిల్ నుంచి నేపాల్ ప్రభుత్వం విదేశీ ట్రెక్కర్లకు గైడును తప్పనిసరి చేసింది. ఆ నియమాన్ని మీరు ఒక సంతకంలా కాగితం మీద తీర్చేసి ఊరుకోకూడదు. పైన గైడు "దిగాలి" అంటే అదే చివరి మాట అని, దానికి కింద ఎవరి అనుమతీ అక్కరలేదని, అలా దిగినందుకు అతని జీతంలో పైసా తగ్గదని రాతపూర్వకంగా అతనికీ ఇవ్వండి, మాకూ ఇవ్వండి. కనుమ రోజున ఎన్ని గంటలకు ఎక్కడ ఉండకపోతే వెనక్కి తిరగాలో కూడా ముందే రాసిపెట్టండి. తెల్లవారుజామున నాలుగైదు గంటలకే బయలుదేరేది పొద్దెక్కాక కనుమ మీద గాలి లేస్తుందనే. ఉదయం పదిన్నరకి సగం దారిలో ఆయాసపడుతున్నవాడికి "ఇంకాస్తే, ఇంకాస్తే" అని చెప్పడం ప్రోత్సాహం కాదు.

పోర్టర్లను మరచిపోకండి. మేము నాలుగు పొరలు వేసుకుని వణుకుతున్న రాత్రి మాతో దిగిన పోర్టరు కాళ్ళకు కాన్వాసు బూట్లున్నాయి, చేతులకు గ్లవ్స్ లేవు, నాకున్న రెండు జతల్లో ఒకటి ఇస్తే మొహమాటపడుతూ తీసుకున్నాడు. ముప్పై కిలోలకు మించి ఏ పోర్టరు వీపు మీదా పెట్టకూడదన్న నియమం పాటిస్తామని అందరూ అంటారు. అయితే మనిషికి పన్నెండు కిలోల చొప్పున పద్నాలుగు మంది సంచులు నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎన్ని కిలోలవుతాయో లెక్క వేసి చూడండి. సొంత బరువు సొంతంగా మోయగలవారిని మోయనివ్వండి, మోయలేనివారి కోసం మరో ఇద్దరిని పెట్టుకోండి. వాళ్ళ బట్టలు, బూట్లు, బీమా మీ బాధ్యతే.

చివరిది డబ్బు సంగతి, దీన్ని దాటేస్తే పైన రాసినదంతా నీటిమీది రాతే. మేమిద్దరం ఇల్లు చేరాక సంస్థకు రాశాం. ముక్తినాథ్ నుంచి పోఖరా దాకా మాకు అందని గదులు, జీపుల డబ్బు తిరిగి ఇవ్వకపోగా, మనాంగ్ నుంచి బేసిసహర్‌కు మేము వెనక్కి వచ్చిన జీపు ఖర్చు మా మీదే వేశారు. నిబంధనల్లో ఫలానా అంకె కింద 'స్వచ్ఛందంగా విరమించుకున్నవారికి' ఏమీ చెల్లించనక్కరలేదట. బూటు తాడు ఏ కాలిదో తెలియని మనిషి స్వచ్ఛందంగా విరమించుకున్నాడని రాయడానికి ఎవరి చెయ్యి వచ్చిందో గానీ, ఆ వాక్యం నష్టపరిచేది మా ఇద్దరి జేబులను మాత్రమే కాదు. వచ్చే ఏడు మరొకరికి ఫేదీలో తలనొప్పి వచ్చినప్పుడు, ఆ నిబంధన చదివి ఉన్నందువల్ల అతను నోరు మెదపడు. రూపాయి పోతుందని కొంత, నలుగురిలో చిన్నబోతామని కొంత. దిగవలసి వస్తే అయ్యే ఖర్చును మొదటి రుసుములోనే అందరి మీదా సమానంగా వేసేయండి, దిగనివారి వాటాను వెనక్కి ఇవ్వండి. ఆరు వేల మీటర్ల దాకా హెలికాప్టర్ రక్షణకు వర్తించే బీమా ప్రతి సభ్యుడికీ ఉందో లేదో బయలుదేరే ముందే కాగితం చూసి సరిచూడండి. 'బీమా ఉంది' అన్న గడిలో టిక్కు పెడితే సరిపోదు.

పద్నాలుగు పదిహేను రోజుల ప్రణాళిక వేస్తే ఎవరూ రారని మీరంటారు. ఉద్యోగులకు అన్ని సెలవులు దొరకవన్నది నిజం. అలాంటివారికి మనాంగ్ దాకా వెళ్ళి తిరిగివచ్చే నడకను అమ్మండి. పిసాంగ్ పైదారిన ఘ్యారు, ఙావల్ ఊళ్ళ మీదుగా నడుస్తుంటే ఎదురుగా అన్నపూర్ణ రెండు, నాలుగు, గంగాపూర్ణ శిఖరాలు నిలువెత్తున కనిపిస్తాయి. వారం పది రోజుల్లో అంతకంటే గొప్ప నడక నాకు తెలియదు. కనుమ దాటించే పూర్తి చుట్టును మాత్రం దానికి పట్టే రోజులతోనే అమ్మండి. రోజులు తగ్గించి ధర తగ్గించానని మీరు చెప్పుకుంటున్నప్పుడు, ఆ తగ్గింపులో ఏం పోయిందో కొనేవాడికి తెలియదు.

వచ్చే సీజను ప్రణాళికలు మీరు వేసవిలోనే అచ్చువేస్తారు కనుక ఈ లేఖను ఇప్పుడే రాస్తున్నాను. ఈ మార్పులు చేసిన నిర్వాహకులు తమ ప్రణాళికను పంపితే, ఎవరు అడిగినా సంతోషంగా చూపిస్తాను. నా గదిలో ఉన్నాయన మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నారు. ఈసారి కనుమ దాకా వెళ్ళాలని పట్టుదల లేదట, మనాంగ్‌లో మూడు రాత్రులు ఉండే బృందం ఏదైనా ఉంటే చెప్పమన్నారు.

ఇట్లు,
ఫేదీ నుంచి వెనక్కి తిరిగిన ఒక ట్రెక్కర్